పాత రిమ్‌ఫైర్ రివాల్వరును గుర్తించి విలువ కట్టే పద్ధతి

చెన్నై కీల్పాక్‌లో స్థిరపడిన ఒక నెల్లూరు కుటుంబంవారు, ఇంటి పెద్దాయన సంవత్సరీకాలు పూర్తయ్యాక ఇనప్పెట్టె తెరిచి చూడగా, దస్తావేజుల కట్టల కింద పాత పట్టు పంచె ముక్కలో చుట్టిన చిన్న రివాల్వరు ఒకటి కనబడింది. పెద్దాయన పేరు మీద ఉన్న లైసెన్సు పుస్తకం కూడా దాని పక్కనే ఉంది. వారు వెంటనే వకీలును సంప్రదించి, రివాల్వరును లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో డిపాజిట్ చేసి, రసీదు పుచ్చుకొని, ఆ తరువాతనే దాని విలువ తేల్చమని నన్ను పిలిచారు. ఇంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది. అయితే ఈ మధ్యలో ఇంటి పెద్దావిడ, దాని చట్రం ఇత్తడిదని గమనించి, దేవుడి సామాను తోమినట్టే దానినీ చింతపండుతో తోమి తళతళలాడించారు. "ఎంత మాసిపోయి ఉందో బాబూ, చూడలేక తోమాను" అన్నారావిడ. ఆ మాసిన రంగులో నూట అరవై ఏళ్ల నాటి వెండి పూత ఆనవాళ్లు ఉండి ఉంటాయని, వాటితో పాటు దాని ధరలో మంచి భాగమే తూములో కొట్టుకుపోయిందని ఆవిడకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పాత రివాల్వరు విలువంతా దాని మీద మిగిలి ఉన్న సాక్ష్యంలో ఉంటుంది. అచ్చు వేసిన అక్షరాలు, అంకెలు, పూత, పదునైన అంచులు, దానితో పాటు వచ్చిన కాగితాలు, ఇవే ఆ సాక్ష్యం. కనుక విలువ కట్టే పనిలో చూడడం, కొలవడం, రాసుకోవడం తప్ప వస్తువును మార్చే పని ఏదీ ఉండకూడదు.

ముందుగా లైసెన్సు సంగతి

"వందేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కరలేదు" అన్న మాటను మన ఇళ్లలో నేను చాలాసార్లు విన్నాను. అమెరికాలో 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీని పురాతన వస్తువుగా లెక్కిస్తారు. అక్కడివారు చేసిన వీడియోలు చూసి మనవారు అదే నియమం ఇక్కడా ఉందనుకుంటారు. మన 1959 నాటి ఆయుధాల చట్టం మినహాయింపును ఏ తయారీ సంవత్సరానికీ ముడిపెట్టలేదు. ఆ చట్టం 45వ సెక్షను (సి) క్లాజు, కాలం చెల్లిన నమూనాకు చెందినదో, పురావస్తువుగా విలువ ఉన్నదో, పాడైపోయినదో అయి, మరమ్మతు చేసినా చేయకున్నా తుపాకీగా పనికిరాని ఆయుధానికి మాత్రమే మినహాయింపు ఇస్తుంది. ఇందులో "మరమ్మతు చేసినా" అన్న మాటను ఎవరూ పట్టించుకోరు. స్ప్రింగు విరిగినా, ట్రిగ్గరు బిగుసుకుపోయినా, పనివాడు బాగు చేయగలిగినంత కాలం అది చట్టం దృష్టిలో తుపాకీయే.

2020 ఫిబ్రవరిలో వచ్చిన సవరణ నియమాలు, క్యూరియో, అంటే సేకరణకు పనికివచ్చే పాత వస్తువుల, వర్గానికి చెందిన చిన్న ఆయుధాలను సంపాదించడానికీ, ఇంట్లో ఉంచుకోవడానికీ లైసెన్సు అక్కరలేదని చెప్పాయి గాని, వాటిని వాడాలన్నా, వెంట తీసుకుపోవాలన్నా, ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించాలన్నా లైసెన్సు తప్పనిసరి అని అదే నోట చెప్పాయి. మీ చేతిలోని వస్తువు ఆ వర్గంలోకి వస్తుందో రాదో తేల్చవలసింది మీరూ నేనూ కాదు, లైసెన్సు అధికారి. చెన్నై నగరంలోనైనా, బెంగళూరు నగరంలోనైనా ఆ అధికారి పోలీసు కమిషనరే. ఆయన కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేవరకు దానిని లైసెన్సు కావలసిన ఆయుధంగానే భావించడం క్షేమం.

లైసెన్సుదారు మరణించినప్పుడు వారసులు చేయవలసినది ఇదీ: లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం సిద్ధం చేసుకొని, చట్టంలోని 21వ సెక్షను దారిన ఆయుధాన్ని సమీప పోలీసు స్టేషనులోగాని లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని జమ చేసి, 2016 ఆయుధాల నియమాలలో వారసులకు ఉద్దేశించిన 25వ నియమం కింద దరఖాస్తు పెట్టుకోవాలి. లైసెన్సు కాగితం ఎక్కడా దొరకకపోతే రివాల్వరును కదిలించకుండా ముందు వకీలును కలవాలి. దానిని గోనె సంచిలో వేసుకొని సిటీ బస్సు ఎక్కి, ఎవరికో చూపించుకు వద్దామని బయలుదేరడం మాత్రం ఎంత మాత్రమూ పనికిరాదు. దానితో పాటు దొరికిన పాత తూటాలు కూడా చట్టం కిందకే వస్తాయని గుర్తుంచుకోవాలి.

ఈ కారణాల వల్ల పరిశీలనకు సరైన చోటు డీలరు దుకాణంలోని బల్లే. తూటాలు ఉన్నాయో లేవో చూసి ఖాళీ చేయవలసింది కూడా అక్కడి నిపుణుడే. రిమ్‌ఫైర్ తూటాలో రంజకం, అంటే దెబ్బ తగలగానే అంటుకొని మందును రగిలించే పదార్థం, అడుగు అంచు పొడవునా లోపల పూసి ఉంటుంది గనుక, చిలుము పట్టి సిలిండరులో ఇరుక్కుపోయిన పాత తూటాను స్క్రూ డ్రైవరుతో పెకలించబోతే, ఆ అంచు మీద ఎక్కడ దెబ్బ తగిలినా అది పేలవచ్చు.

అది నిజంగా రిమ్‌ఫైరేనా?

పందొమ్మిదో శతాబ్దపు రివాల్వర్లు ముఖ్యంగా నాలుగు రకాలుగా పేలేవి. ఏ రకమో తేల్చుకోవడానికి సిలిండరు వెనుక భాగాన్నీ, హ్యామరు ముక్కునూ చూస్తే చాలు. సిలిండరు వెనుక ప్రతి గదికీ ఒక చిన్న మొన పొడుచుకు వచ్చి ఉంటే అది టోపీ తొడిగి పేల్చే పెర్కషన్ రకం. సిలిండరు వెనుక అంచున, ప్రతి గదికీ పైన ఒక సన్నని గాటు కనిపిస్తే అది పిన్‌ఫైర్; తూటా పక్క నుంచి పైకి వచ్చే చిన్న మేకు ఆ గాటులో కూర్చుంటుంది. హ్యామరు ముక్కు గుండ్రంగా, సూదిగా ఉండి తూటా అడుగు నడిమధ్యన తగిలేటట్లు ఉంటే అది సెంటర్‌ఫైర్. సిలిండరు గదులు వెనుక నుంచి ముందుకు ఆరుపార తెరుచుకొని, హ్యామరు ముక్కు ఉలి మొనలాగా బల్లపరుపుగా ఉండి, గది మధ్యన గాక దాని అంచు మీద పడేటట్లయితే అదే రిమ్‌ఫైర్. పిన్‌ఫైర్‌ను రిమ్‌ఫైర్‌గా పొరబడడమే నేను ఎక్కువగా చూసిన తప్పు; ఆ గాట్లను అలంకారం అనుకుంటారు.

రిమ్‌ఫైర్ రివాల్వర్ల కాలాన్ని నిర్ణయించడానికి ఒక పేటెంటు కథ బాగా ఉపయోగపడుతుంది. పారిస్‌లో ఫ్లోబెర్ 1845లో చేసిన చిన్న తూటాను ఆధారం చేసుకొని స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1857లో .22 అంగుళాల సైజు తూటానూ, దానికి తగిన ఏడు గుళ్ల రివాల్వరునూ బజారులోకి తెచ్చింది. గదులు ఆరుపార తొలిచిన సిలిండరు మీద పేటెంటు రోలిన్ వైట్ అనే ఆయనది. దాని తేదీ 1855 ఏప్రిల్ 3. కంపెనీ ఆయనకు ఒక్కో రివాల్వరుకు పాతిక సెంట్లు ఇచ్చే ఒప్పందం చేసుకొని, పేటెంటును కాపాడే కోర్టు ఖర్చులను మాత్రం ఆయన నెత్తినే పెట్టింది. ఆ పేటెంటు 1869 ఏప్రిల్‌లో ముగిసింది. కనుక అమెరికాలో తయారైన రిమ్‌ఫైర్ రివాల్వరు 1869కి ముందుదైతే అది స్మిత్ అండ్ వెస్సన్‌దో, వారి అనుమతితో చేసినదో, పేటెంటును ఉల్లంఘించినదో, తప్పించుకోవడానికి విచిత్రమైన తూటాతో చేసినదో అయి ఉంటుంది. 1869 తరువాత గేట్లు ఎత్తిన చెరువులా అందరూ చేయడం మొదలుపెట్టారు.

కొలతలు

వెర్నియర్ కాలిపర్‌తో సిలిండరు గది వెనుక నోటి వ్యాసాన్ని కొలవాలి. గొట్టం మూతిని కొలిచి సైజు చెప్పేవారు పొరబడతారు, ఎందుకంటే అక్కడ తరుగుదల ఎక్కువ. తూటా లోహపు డొప్ప వ్యాసం .22కు సుమారు 5.7 మిల్లీమీటర్లు, .30కు 7.4, .32కు 8.1, .38కు 9.5, .41కు 10.3 ఉంటుంది, గది నోరు దానికన్నా వెంట్రుకవాసి పెద్దదిగా ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇప్పుడు కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు పేరు మన దేశంలో అందరికీ తెలుసు గనుక, పాత .32 రిమ్‌ఫైర్‌ను కూడా ఆ జాతిదే అనుకుంటారు. కాన్పూరుది సెంటర్‌ఫైర్, దాని తూటా వేరు, మందు శక్తి వేరు. అలాగే నేటి .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో వచ్చినది. 1860ల రివాల్వరు నల్ల తుపాకి మందు ఒత్తిడికి తగినట్టు, మెత్తని ఇనుముతో చేసినది. పొగ రాని మందుతో చేసిన నేటి తూటా ఏదైనా దానిని చీల్చగలదు. పేల్చి చూస్తే గాని విలువ తెలియదనే మాట ఈ రంగంలో చెల్లదు.

ఎవరు చేశారు?

స్మిత్ అండ్ వెస్సన్ రిమ్‌ఫైర్‌లలో మూడు ముఖ్యమైనవి. మోడల్ 1 అన్నది .22, ఏడు గుళ్లు. మోడల్ ఒకటిన్నర .32, ఐదు గుళ్లు. మోడల్ 2 కూడా .32యే గాని ఆరు గుళ్లు, పెద్ద చట్రం. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు సొంత డబ్బుతో కొనుక్కున్న రివాల్వరు ఇదే. మూడింటిలోనూ చట్రం ముందు కింద ఉన్న గొళ్లెం తీస్తే గొట్టం పైకి లేస్తుంది, సిలిండరు చేతిలోకి వస్తుంది, కాలిన తూటాలను గొట్టం కింద ఉన్న కడ్డీ మీద గుచ్చి తోసేస్తారు. ట్రిగ్గరు చుట్టూ కడియం ఉండదు. చట్రం నుంచి మొలకెత్తిన తొడుగులోంచి అది తొంగి చూస్తుంది. మీ వస్తువు ఇలా తెరుచుకుంటే సగం పని అయినట్టే.

మోడల్ 1లో మళ్లీ మూడు తరాలు ఉన్నాయి, ధర అంతా ఈ తేడా మీదే ఆధారపడుతుంది. 1857 నుంచి 1860 వరకు వచ్చిన మొదటి తరానికి ఇత్తడి చట్రం పక్కలు కాస్త ఉబ్బుగా, పక్క మూత చిన్నగా గుండ్రంగా ఉంటాయి. ఇవి పన్నెండు వేలలోపే తయారయ్యాయి. 1868 వరకు సాగిన రెండవ తరానికి పక్కలు బల్లపరుపు, మూత పెద్దది, ఆకారం వంకరటింకర. ఎనిమిది పలకల గొట్టం, నిలువు గాడులు లేని నున్నని సిలిండరు, చదరపు పిడి మొదటి తరంలాగానే ఉంటాయి. 1868 తరువాతి మూడవ తరానికి చట్రం ఇనుముది, గొట్టం గుండ్రం, సిలిండరు మీద నిలువు గాడులు, పిడి పక్షి తల ఆకారం. మూడవ తరంలో సీరియల్ నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలయ్యాయి గనుక, నంబరు చిన్నది కాబట్టి వస్తువు పాతదని అనుకోవడం పెద్ద పొరపాటు. ఆకారం చూసి తరం తేల్చాకే నంబరు చదవాలి.

కీల్పాక్ రివాల్వరును డీలరు బల్ల మీద ముఖమల్ గుడ్డ పరిచి పెట్టాం. కిటికీ వెలుగుకు అడ్డంగా, టార్చిని సిలిండరుకు దాదాపు ఆనించి, కాంతి వాలుగా పడేటట్లు పట్టుకుంటే, చేతి లెన్సులో ఒక్కొక్క అక్షరం చీమల బారులా లేచి నిలబడింది. పేటెంటెడ్ అన్న మాట, ఆ వెంట 1855 ఏప్రిల్ 3, 1859 జూలై 5, 1860 డిసెంబరు 18 తేదీలు కనబడ్డాయి. నేరుగా వెలుగు వేసి చూసినంతసేపూ ఆ చోటు నున్నని ఇనుములాగే ఉంది; డీలరు దగ్గర పనిచేసే కుర్రవాడు అక్కడ రాతే లేదని అప్పటికే తేల్చేశాడు. మూడు తేదీలూ ఉన్నాయంటే వస్తువు ఆఖరి తేదీ తరువాతిది. బల్లపరుపు పక్కలు, పిడి అడుగున ఐదంకెల నంబరు కలిపి చూస్తే, 1860 దశకపు మొదటి సగంలో చేసిన రెండవ తరం మోడల్ 1 అని తేలింది. సుద్ద పొడి రుద్ది అక్షరాలు చదవడం కొందరికి అలవాటు. వాలు వెలుగు ఉన్నప్పుడు ఆ అవసరమే రాదు.

పేరు కనబడినంత మాత్రాన తయారీదారు దొరికినట్టు కాదు. రోలిన్ వైట్ పేటెంటు కేసులో ఓడిన మూర్, పాండ్, వార్నర్ వంటి అమెరికన్ తయారీదారులు అప్పటికే చేసిన సరుకు మీద, స్మిత్ అండ్ వెస్సన్ కోసం తయారు చేసినట్టు ముద్ర వేయవలసి వచ్చింది; ఆ కంపెనీ పేరున్నా ఆ రివాల్వర్లు ఆ కంపెనీవి కావు. మరోవైపు మన దేశంలో దొరికే పాత తుపాకుల మీద కలకత్తా రోడా, మాంటన్, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ వంటి పేర్లు చెక్కి ఉండవచ్చు. అవి ఇక్కడ అమ్మిన దుకాణాల పేర్లు. అమ్మినవారి పేరు వస్తువు మన దేశానికి వచ్చిన దారిని చెబుతుంది గనుక దానికి వేరే విలువ ఉంది, కాని తయారీ గడిలో దానిని రాయకూడదు.

1869 తరువాతివాటిలో కోల్ట్ కంపెనీవి మంచి గిరాకీ ఉన్నవి: 1871లో మొదలైన ఓపెన్ టాప్ .22, అదే కాలపు .41 నాలుగు గుళ్ల క్లోవర్‌లీఫ్, 1873 నుంచి వచ్చిన న్యూ లైన్. క్లోవర్‌లీఫ్ సిలిండరును వెనుక నుంచి చూస్తే నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది, ఒకసారి చూస్తే మరిచిపోలేము. వీటి పక్కన చౌకబారు అమెరికన్ రివాల్వర్లు లక్షల సంఖ్యలో వచ్చాయి. బ్లూ జాకెట్, స్వాంప్ ఏంజెల్, ట్రాంప్స్ టెర్రర్ వంటి గంభీరమైన పేర్లు తప్ప వాటిలో గంభీరమైనదేదీ లేదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వాస్తవ్యుడు విలియం ట్రాంటర్ చేసిన రిమ్‌ఫైర్‌లు పనితనంలో మేలిమి రకం. బెల్జియంవాటిలో చాలావాటి మీద తయారీదారు పేరే ఉండదు, పరీక్ష ముద్ర ఒక్కటే ఆధారం. ఇరవయ్యో శతాబ్దంలో ట్రిగ్గరు కడియంతో, పక్కకు తెరుచుకునే సిలిండరుతో వచ్చిన .22 రివాల్వర్లు కూడా రిమ్‌ఫైర్‌లే గాని, అవి నేటికీ దొరికే తూటాలతో పనిచేసే మామూలు ఆయుధాలు. వాటి లెక్క వేరు.

పరీక్ష ముద్రలు

యూరప్‌లో తుపాకీ అమ్మేముందు ఎక్కువ మందు పెట్టి పేల్చి, తట్టుకుంటే ముద్ర వేసేవారు. గొట్టం కింద, సిలిండరు మీద చిన్నగా ఉండే ఈ ముద్రలే కంసాలి గీటురాయి లాంటివి. అడ్డంగా వేసిన రెండు రాజదండాలు, పైన కిరీటం, సందుల్లో బి, పి, సి అక్షరాలు ఉంటే 1813 నుంచి 1904 వరకు వాడిన బర్మింగ్‌హామ్ ముద్ర. కిరీటం కింద రెండేసి అక్షరాలు మాత్రమే ఉంటే 1904 తరువాతది. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఇ, ఎల్, జి అక్షరాలు ఉంటే బెల్జియం లీయేజ్ నగరానిది. దాని మీద కిరీటం కూడా ఉంటే 1893 తరువాతిది. అమెరికాలో ఇలాంటి ప్రభుత్వ పరీక్ష లేదు గనుక అమెరికన్ రివాల్వరు మీద ముద్ర లేకపోవడం లోపం కాదు; ఉంటేనే ఆశ్చర్యపోయి, అది ఇంగ్లండు బజారు మీదుగా మద్రాసు చేరి ఉంటుందని ఊహించవచ్చు.

స్థితి, అసలుతనం

అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పాత తుపాకుల స్థితికి పెట్టిన మెట్లనే చాలామంది సేకర్తలు వాడతారు. అసలు భాగాలన్నీ ఉండి, తొలి పూత నూటికి ఎనభై పాళ్లకు మించి మిగిలితే ఎక్సెలెంట్. ముప్పైకి మించితే ఫైన్. అంతకన్నా తగ్గినా లోహం నున్నగా, అక్షరాలు స్పష్టంగా ఉంటే వెరీ గుడ్. చిన్న భాగాలు మారి, లోహం మీద కొద్దిపాటి గుంటలు పడితే గుడ్. ముఖ్యమైన భాగాలే మారిపోతే ఫెయిర్. ఇంట్లో పెట్టెల్లో దొరికేవి, సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ముఖ్యంగా, గుడ్ దాటడం అరుదు. సొంతదారు మాత్రం ఎప్పుడూ ఒక మెట్టు పైనే చూస్తాడు, అది మానవ సహజం.

పూత ఎంత మిగిలిందో బయట కాదు, మరుగు చోట్ల చూడాలి: పిడి చెక్కల కింద, ట్రిగ్గరు తొడుగు లోపల, గొట్టం కీలు సందులో. కొత్తగా పూత వేయించిన వస్తువును పట్టుకోవడం కష్టమేమీ కాదు. అసలు వస్తువులో పలకల అంచులు చేతికి తెలిసేంత పదునుగా ఉంటాయి. చక్రం మీద మెరుగు పెట్టినదానిలో అంచులు సబ్బు బిళ్లలా అరిగి, అక్షరాల ఒక పక్క మాయమై, స్క్రూల చుట్టూ లోహం పళ్లెంలా గుంట పడి ఉంటుంది. తుప్పు గుంటల మీదుగా నికెల్ మెరుస్తూ ఉంటే ఆ పూత తరువాత వేసినదనడానికి వేరే రుజువు అక్కరలేదు.

తరువాత చూడవలసినది అంకెల పొత్తు. స్మిత్ అండ్ వెస్సన్‌లో పిడి అడుగున సీరియల్ నంబరు, కుడి పిడి చెక్క లోపలి వైపు అదే నంబరు, చట్రం, గొట్టం, సిలిండరు మీద ఒకదానికొకటి సరిపోయే చిన్న కూర్పు గుర్తులు ఉంటాయి. ఇవన్నీ కలిస్తే ఆ భాగాలు ఫ్యాక్టరీలో ఒకేసారి కలిసి పుట్టినవి. పిడి చెక్కను విప్పాలంటే స్క్రూ గాటుకు సరిగ్గా సరిపోయే మొన గల స్క్రూ డ్రైవరుతో, డీలరు దగ్గరి పనివాడే విప్పాలి. జారిన ఒక్క గీత వంద అడుగుల దూరం నుంచి కనబడుతుంది.

వింతల్లో ఒకటి చెబుతాను. రెండవ తరం మోడల్ 1లో ఫ్యాక్టరీవారే చిన్న లోపం పట్టుకొని, రెండో రకం సరుకు అని ఆంగ్లంలో ముద్ర వేసి తక్కువకు అమ్మినవి కొన్ని ఉన్నాయి. ఈ రోజు సేకర్తలు లోపం లేనివాటికన్నా వీటికే ఎక్కువ ఇస్తారు.

మన దగ్గర ధర ఎలా పలుకుతుంది

అమెరికా వేలాల్లో మూడవ తరం మోడల్ 1 ఓ మాదిరి స్థితిలో ఉంటే కొన్ని వందల డాలర్లు, చౌకబారు పేర్లవి అంతకన్నా తక్కువ, మొదటి తరంలో తొలినాళ్లవైతే వేల డాలర్లు పలుకుతాయి. ఆ అంకెను రూపాయల్లోకి మార్చి ఇదే మన ఆస్తి అనుకోవడం, పక్క ఊరి చెరువు చూసి మన పొలానికి నీళ్లున్నాయనుకోవడమే. డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరకు పంపి అక్కడ అమ్మిద్దామనే ఆలోచన కూడా సాగదు: 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు నిండిన వస్తువుల ఎగుమతిని వ్యక్తులకు అనుమతించదు, ఆయుధాల ఎగుమతికి వేరే లైసెన్సు కూడా కావాలి.

లోపలి బజారు ఇలా ఉంటుంది. విదేశీ తుపాకుల దిగుమతి మీద ఆంక్షలు ఉన్నందువల్ల, ఆధునికమైన, తూటా దొరికే విదేశీ రివాల్వర్లకు ఇక్కడ అసలు ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది. ఆ గిరాకీ పాత రిమ్‌ఫైర్‌కు వర్తించదు, ఎందుకంటే ఆత్మరక్షణకు కొనేవాడికి దానితో పని లేదు. ఇక సేకర్త మిగులుతాడు. 2019 సవరణ ఒక మనిషి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది; వారసత్వంగా వచ్చినవాటికీ ఆ పరిమితే. లైసెన్సు మీద ఎక్కించవలసిన పాత రివాల్వరు కొంటే, కొన్నవాడి రెండు చోట్లలో ఒకటి దానికి పోతుంది. అందువల్ల నా అభిప్రాయంలో, పనిచేసే స్థితిలో ఉన్న పాత రిమ్‌ఫైర్ కన్నా, ఇక ఎన్నటికీ పేలదని అధికారుల నుంచి కాగితం ఉన్నదే ఇక్కడ తేలికగా చేతులు మారుతుంది. అలాగని ధర కోసం గొట్టంలో సీసం పోయించడం, హ్యామరు కోయించడం వంటి పనులు సొంతంగా చేయిస్తే వస్తువూ పోతుంది, చట్టం ముందు సంజాయిషీ కూడా మిగులుతుంది.

ధరను నిజంగా పెంచేవి కాగితాలు. పాత లైసెన్సు పుస్తకం, కొన్న బిల్లు, అసలు పెట్టె, పెద్దాయన దానితో తీయించుకున్న ఫోటో, చివరికి ఫలానా వారి నుంచి వచ్చిందని రాసిన ఉత్తరం కూడా జాగ్రత్త చేయాలి. 1878 నాటి ఆయుధాల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఇచ్చిన లైసెన్సు కాగితం దొరికితే అది వస్తువు కన్నా అరుదు. స్మిత్ అండ్ వెస్సన్ చరిత్ర ఫౌండేషన్ రుసుము తీసుకొని, సీరియల్ నంబరును బట్టి ఫ్యాక్టరీ రికార్డు ఆధారంగా ఉత్తరం ఇస్తుంది. మంచి స్థితిలో ఉన్నదానికి ఆ ఖర్చు దండగ కాదు.

ధర లెక్కలో పడడం ఇష్టం లేని కుటుంబాలకు ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం గుర్తు చేస్తుంటాను; అక్కడ ఆయుధాల విభాగమే ఉంది. దానం చేయాలన్నా ముందు లైసెన్సు అధికారి అనుమతి కావాలి.

ఈ లోగా దానిని తోలు ఒరలో పెట్టకూడదు. తోలులోని ఆమ్లం, మన గాలిలోని ఉప్పు కలిసి ఒక్క వానాకాలంలో ఇనుమును తినేస్తాయి. ఉతికిన నూలు గుడ్డతో కుట్టు మిషను నూనె పలచగా రాస్తే చాలు. కొబ్బరి నూనె కొన్నాళ్లకు జిగురై గొళ్లేన్ని పట్టేస్తుంది. తోమడం, ఎమెరీ కాగితం, నిమ్మకాయ, బూడిద ఏవీ వద్దు.

కీల్పాక్ వారికి నేను ఇచ్చిన నివేదిక రెండు పేజీలు. మొదటి పేజీలో రకం, తరం, కాలం, కొలతలు, ముద్రలు, నంబర్ల పొత్తు. రెండవ పేజీలో స్థితి, కాగితాలు, లైసెన్సు స్థితి, ఆ స్థితిలో అమ్మితే రాగల ధరకు కింది హద్దు, పై హద్దు. స్థితి దగ్గర ఇలా రాశాను: "గొట్టం మీద నీలి పూత అక్కడక్కడ మాత్రమే మిగిలింది. ఇత్తడి చట్రం ఇటీవల తోమబడినది. వెండి పూత పిడి చెక్కల కింద, ట్రిగ్గరు తొడుగు లోపల నిలిచి ఉంది." పెద్దావిడ కళ్లజోడు పెట్టుకొని ఆ మూడు వాక్యాలూ రెండుసార్లు చదివారు. "చెక్కల కింద నేను తోమలేదు కదూ?" అని అడిగారు. లేదన్నాను.